కోళ్ళ గూటి చుట్టూ ఏ మొక్కలు పెట్టాలి? తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెరట్లో నాటుకోళ్ళు ఉన్నాయని, గూటి చుట్టూ పచ్చగా ఉంటుందని తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎండలు మొదలైతే నీడ గురించి, వానలు పడితే నర్సరీ మొక్కల గురించి, ఎవరి ఇంట్లోనైనా పెట్ట వాలిపోతే విషపు మొక్కల గురించి అడుగుతారు. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసిపెట్టాను. ఎవరికి ఏది కావాలో అది చదువుకోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. మన వైపు పూజ కోసం ఇంటింటా పెంచే పూలమొక్కల్లో కొన్ని కోడికి ప్రాణాంతకం. నా భయం ఎక్కువగా వాటి గురించే.

## మొక్కలు కొనకముందు

గూటి చుట్టూ ఖాళీగా ఉంటే శుభ్రంగా ఉంటుంది కదా, మొక్కలు ఎందుకు?

నీడ కోసం. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుని వేడిని బయటికి పంపుకుంటుంది. ముప్పై డిగ్రీలు దాటినప్పటినుంచే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మేత తగ్గుతుంది, ఆ వెంటనే గుడ్లు తగ్గుతాయి. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే రోజులు తక్కువేం కాదు. అలాంటి మధ్యాహ్నం రేకుల గూటిలో మూసిపెట్టిన కోడి చచ్చిపోవచ్చు కూడా. ఆకుల నీడ రేకు నీడలా కాదు, దాని కింద గాలి చల్లగా ఉంటుంది. అందం ఆ తర్వాతి మాట.

ఏ దిక్కున ఏ మొక్క పెట్టాలి?

పడమర, నైరుతి వైపు ఎత్తుగా పెరిగేవి పెట్టండి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కొట్టే ఎండ అటునుంచే వస్తుంది. తూర్పు వైపు తెరిచి ఉంచండి, పొద్దుటి ఎండ పడితే గూటి నేల ఆరుతుంది. తూర్పున గుబురుగా పెంచిన ఇళ్ళల్లో గూడు ఎప్పుడూ చెమ్మగా ఉండి వాసన కొడుతుంది. చెమ్మ ఉంటే కోడిపిల్లలకు రక్తపు విరేచనాలు తొందరగా పట్టుకుంటాయి.

గూటికి, మొక్కలకి మధ్య ఎంత దూరం ఉండాలి?

గోడ చుట్టూ రెండు మూడు అడుగులు ఖాళీగా, ఊడ్చుకునేలా ఉండాలి. ఎలుక బొరియ చేసినా, పాము వచ్చినా కంటపడాలంటే ఆ మాత్రం ఖాళీ తప్పదు. మునగ, బొప్పాయి లాంటివి ఆరేడు అడుగుల దూరంలో, వేప, మామిడి లాంటి పెద్ద చెట్లు కనీసం పదిహేను అడుగుల దూరంలో పెట్టండి. కొమ్మలు గూటి కప్పు మీదికి వాలకుండా చూసుకోండి. పిల్లికి అదే దారి.

విషపు మొక్క ఏదో కోడికి తెలియదా? అడవిలో తిరిగే జాతే కదా?

చాలావరకు తెలుస్తుంది. చేదుగా ఉంటే ఒకసారి పొడిచి వదిలేస్తుంది. పెరట్లో తల్లి వెంట తిరిగి పెరిగిన నాటుకోడికి ఏది తినాలో తల్లే చూపిస్తుంది. కానీ మూడు సందర్భాల్లో ఆ తెలివి పనిచేయదు. మొదటిది, రోజంతా గూటిలో మూసి, ఒక్క పచ్చని ఆకు కూడా వేయనప్పుడు. ఆకలిగా ఉన్న కోడి వలలోంచి మెడ చాచి దొరికింది తినేస్తుంది. రెండోది, కోడిపిల్లలు. మిషన్‌లో పొదిగించి అట్టపెట్టెలో తెచ్చిన వనరాజా, గ్రామప్రియ లాంటి మెరుగు జాతుల పిల్లలకు నేర్పే తల్లి ఉండదు. మూడోది, కత్తిరించిన కొమ్మలను మనమే గూటిలో పడేసినప్పుడు. రోజూ ఆకుకూర వేసే చేతినుంచి పడింది కాబట్టి అది కూడా మేతే అనుకుంటుంది. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ ఈ మూడో రకమే. అందుకే పెరడు ఎంత జాగ్రత్తగా ఉన్నా, పొద్దున్నే గుప్పెడు తోటకూరో మునగాకో వేయడం మానకండి.

## పెట్టదగినవి

ఒకే ఒక్క చెట్టు పెట్టమంటే ఏది పెడతారు?

మునగ. చేతికర్ర లావు కొమ్మ నరికి పాతితే చాలు, ఏడాదిలో నీడ ఇస్తుంది. నీళ్ళు పెద్దగా అడగదు, మన ఎర్రనేలల్లో హాయిగా వస్తుంది. ఆకులో మాంసకృత్తులు, విటమిన్ ఏ ఎక్కువ, కోళ్ళు ఎగబడి తింటాయి. మూడు నాలుగు అడుగుల ఎత్తున నరుకుతూ ఉంటే గుబురుగా చిగురిస్తుంది, కోయడానికీ చేతికి అందుతుంది. రెండు ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. కొమ్మ పెళుసు, గాలివానకు విరుగుతుంది, కాబట్టి గూటి మీదికి పెరగనివ్వకండి. వానాకాలంలో మొదలు మీద గొంగళిపురుగులు గుంపుగా చేరతాయి. వాటికి మందు కొడితే ఆ ఆకు కోళ్ళకు వేయకూడదు. అవి గుంపుగా కూర్చున్నప్పుడు కాగడాతో కాల్చేయడమే మేలు.

పూలు కావాలి, దేవుడికి పనికిరావాలి, కోళ్ళకు ముప్పు ఉండకూడదు. ఏవి ఉన్నాయి?

మందారం మొదట చెబుతాను. పువ్వు, ఆకు రెండూ కోళ్ళు తింటాయి, ఏమీ కాదు. కంచె వెంబడి వరసగా పెడితే ఏడాదంతా ఎర్రగా పూస్తుంది. తర్వాత మల్లె, సన్నజాజి, కనకాంబరం, గులాబీ, బంతి. కనకాంబరం కొంచెం నీడలో కూడా పూస్తుంది కాబట్టి చెట్ల కింద ఖాళీల్లో బాగుంటుంది. గులాబీ ముళ్ళ వల్ల కోళ్ళు మొదలు జోలికి తక్కువగా వెళ్తాయి. సీతమ్మజడ అని, కోడిజుట్టు అని పిలిచే మొక్క కూడా నిర్భయంగా పెట్టొచ్చు, దాని లేత ఆకు మనుషులు కూడా వండుకుంటారు. వీధి వైపు ఎండకు తట్టుకునేది కావాలంటే కాగితంపూల తీగ. ముళ్ళు ఉంటాయి కాబట్టి కుక్కలకు అడ్డంగా కూడా ఉంటుంది.

బంతిపూలు తింటే గుడ్డులో సొన ఎర్రగా వస్తుందంటారు, నిజమేనా?

నిజమే. బంతి రెక్కల్లో ఉండే లూటిన్ అనే పసుపు పదార్థం సొనలో చేరుతుంది. కోళ్ళ దాణాలో కూడా బంతిపూల పొడి కలుపుతారు. పసుపు రంగు మొక్కజొన్న, మునగాకు కూడా అదే పని చేస్తాయి. రంగు మారినంత మాత్రాన గుడ్డులో మాంసకృత్తులు పెరగవు. పండగ అయ్యాక తీసేసిన దండలు మాత్రం వేయకండి. అమ్మకానికి పండించే పూలకు మందులు కొడతారు. దారం మింగితే అది కోడి మెడ కింది మేతసంచిలో చుట్టుకుని అడ్డం పడుతుంది. పెరట్లో మందు కొట్టకుండా పూసిన పూలే వేయండి.

రేకుల గూటి మీద తీగ పాకించాలంటే ఏది మంచిది?

సొర, బీర, గుమ్మడి. మూడింటి ఆకులూ వెడల్పుగా ఉండి చిక్కటి నీడనిస్తాయి, రాలినా కోళ్ళకు హాని లేదు. జనవరి చివర్లో విత్తనం పెడితే ఏప్రిల్ నాటికి పందిరి నిండుతుంది. తీగను నేరుగా రేకు మీద పాకించకండి, ఎండకు రేకు కాలి చిగుళ్ళు మాడిపోతాయి. రేకుకు ఒకటిన్నర అడుగు పైన కట్టెలతో పందిరి వేస్తే మధ్యలో గాలి ఆడుతుంది, గూడు చల్లబడుతుంది. పక్కల వలకు బచ్చలి, శంఖుపూల తీగ అందంగా ఉంటాయి. బచ్చలి ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి రోజూ అదే మేతగా వేయకూడదు. చిక్కుడు పాకిస్తే ఎండిన గింజలు ఏరేయండి. ఉడకని ఎండు గింజ కోడికి మంచిది కాదు.

కోళ్ళు తాగే నీళ్ళు, గూడు కడిగిన నీళ్ళు ఒకచోట నిలుస్తున్నాయి. అక్కడ ఏం పెట్టాలి?

అరటి. ఎంత ఎరువు నీరైనా తాగేస్తుంది. ఆకు, ఊచ, పండు ఏదీ కోడికి చెడు చేయదు. ఎండిన ఆకులు కిందికి వేలాడుతుంటే మాత్రం కోసేస్తూ ఉండండి, ఆ చాటున ఎలుకలు చేరతాయి.

మామిడితోటలో గూడు పెట్టుకున్నాం. పరవాలేదా?

నీడకు మామిడిని మించింది లేదు. బెంగళూరా మామిడి తోటల కింద కోళ్ళు తిరుగుతూ పురుగులు ఏరుకోవడం మన జిల్లాలో మామూలే. భయపడాల్సింది చెట్టు గురించి కాదు, మందుల గురించి. పూత సమయంలో తేనెమంచు పురుగుకు మందు కొట్టినప్పుడు అది గడ్డి మీద, రాలిన పూత మీద పడుతుంది, చచ్చిన పురుగులను కోళ్ళు తింటాయి. కొట్టే ముందు కోళ్ళను మూయండి. మందు డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా బయటికి వదలకండి. కాయల కాలంలో రాలి కుళ్ళిన పండ్లు ఏ రోజువి ఆ రోజు ఏరేయాలి, బూజు పట్టినది తింటే జబ్బు పడతాయి. జామ, సపోటా, నిమ్మ చెట్లు కూడా ఇలాగే పరవాలేదు. అవకాడో మాత్రం వద్దు. ఈమధ్య సరదాగా మొక్క తెచ్చి పెడుతున్నారు, దాని ఆకు, కాయ, గింజ పక్షులకు విషం.

వేప, కానుగ?

రెండింటి నీడా మంచిదే. వేపపండు చేదు వల్ల కోళ్ళు పెద్దగా ముట్టవు. కానుగ కాయలు రాలే రోజుల్లో ఊడ్చేయండి, ఆ గింజ తినదగినది కాదు.

గూటి పక్కన తులసి పెట్టొచ్చా?

కోడికి తులసి వల్ల ఏ హానీ లేదు, ఆకు తింటుంది కూడా. కానీ కోళ్ళు మొదలు తవ్వుతాయి, రెట్ట వేస్తాయి. పూజించే తులసిని అలా వదలడానికి మా ఇంట్లో మనసొప్పలేదు, కోట ముంగిట్లోనే ఉంచాం. గూటి దగ్గర వాసనకు నిమ్మగడ్డి, పుదీనా పెట్టాం. నిమ్మగడ్డి దుబ్బులు కట్టి నేలను పట్టి ఉంచుతుంది, కోళ్ళు దాన్ని పాడుచేయలేవు. ఈ వాసనలతో ఈగలు పోతాయని ఆశ పెట్టుకోకండి. రెట్ట ఎత్తితేనే పోతాయి.

## పెట్టకూడనివి

అసలు దగ్గరికి రానివ్వకూడని మొక్కలు ఏవి?

ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు ముందు. వాటిలో ఉండే విషం గుండె కొట్టుకోవడాన్నే దెబ్బతీస్తుంది. ఆముదపు గింజలో రిసిన్, గురివింద గింజలో అబ్రిన్ ఉంటాయి, రెండూ చాలా తీవ్రమైన విషాలు. గురివింద గింజ పైపెంకు గట్టిది కాబట్టి ఒక్కోసారి అలాగే బయటికి పోతుంది, కానీ పగిలితే ప్రాణం పోతుంది. ఉమ్మెత్త, జిల్లేడు, నేపాళం, అగ్నిశిఖ అనే అడవినాభి, చెరువుగట్ల మీద ఊదాపూలు పూసే లొట్టపీసు, తలంబ్రాల చెట్టు అని కొన్ని ఊళ్ళల్లో పిలిచే లాంటానా కూడా వద్దు. నర్సరీలో కొనేవాటిలో అడీనియం, రాత్రిరాణి జాగ్రత్త. రాత్రిరాణిని మల్లెజాతి అనుకుని తెచ్చుకుంటారు, అది మల్లె కాదు, విషపు మొక్క.

గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు మా అత్తగారి కాలం నుంచి పూజకు ఉన్నాయి. పీకేయాలా?

ఇది అడిగేటప్పుడు చాలామంది గొంతులో బాధ వినిపిస్తుంది. రోజూ శ్రీనివాసుడి పటానికి ఆ పూలే పెట్టే ఇళ్ళున్నాయి. కోళ్ళు కంచె లోపలే ఉంటే చెట్టు పీకనక్కర్లేదు. ఆకు, పువ్వు రాలి లోపల పడనంత దూరంలో, నీళ్ళ తొట్టికి దూరంగా ఉంటే చాలు. కత్తిరించిన కొమ్మలు గూటి వైపు పడేయకండి. గన్నేరు ఆకు ఎండినా విషం పోదు. ఆ కొమ్మలు పొయ్యిలో కూడా పెట్టకండి, పొగ మనకే చెడు. బిళ్ళగన్నేరు నేలబారుగా, కోడి ముక్కుకు అందేలా పెరుగుతుంది కాబట్టి దాన్ని కుండీలో పెట్టి ఎత్తుమీదికి మార్చండి. కోళ్ళు పెరడంతా తిరిగేవైతే మాత్రం ఎర్ర, పచ్చ గన్నేర్లు రెండూ తీసేయండి. వాటి బదులు మందారం పెట్టుకోవచ్చు.

టమాటా తోటలోకి కోళ్ళను వదలొచ్చా?

పండిన టమాటా ఎంత తిన్నా పరవాలేదు. పచ్చికాయ, ఆకు, కాడల్లో టొమాటిన్, సొలనిన్ లాంటి విషపదార్థాలు ఉంటాయి. మదనపల్లె వైపు ధర పడిపోయినప్పుడు తోట మొత్తం పీకి పశువులకో కోళ్ళకో వేసేస్తారు. ఆ మొక్కలను కోళ్ళ దొడ్డిలో గుట్టగా వేయకండి. పైగా టమాటాకు కొట్టే మందులు చాలా ఎక్కువ. వంగ మొక్క, బంగాళాదుంప ఆకు, పచ్చబడ్డ దుంప తొక్క కూడా వేయకూడదు.

మిద్దె మీద గూడు ఉంది. పక్కన మనీప్లాంట్, క్రోటన్ కుండీలు ఉంచొచ్చా?

వద్దు. మనీప్లాంట్, డిఫెన్‌బాకియా ఆకుల్లో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నోరు, గొంతు వాస్తాయి. క్రోటన్ పాలు కూడా మంట పుట్టిస్తాయి. మిద్దె మీద కోడికి గడ్డి దొరకదు కాబట్టి ఎదురుగా ఉన్న పచ్చని ఆకునే పొడుస్తుంది.

## నాటేటప్పుడు

నర్సరీ నుంచి తెచ్చిన రోజే గూటి దగ్గర నాటేయొచ్చా?

నాటకండి. కడియం నుంచి వచ్చినా, ఇక్కడే పెంచినా, అమ్మకానికి ఉంచిన మొక్కకు పురుగుమందు కొట్టి ఉంటారనే అనుకోవాలి. కుండీమట్టిలో గుళికలు వేసి ఉంటే ఇంకా ప్రమాదం. కార్బోఫ్యూరాన్ గుళికలు పక్షులకు అత్యంత విషం, చిన్న పిట్ట చావడానికి ఒక్క గింజ చాలు. ఒకసారి నేను తొందరపడి గులాబీ మొక్క తెచ్చిన పొద్దునే నాటాను. కోళ్ళు ఆ మట్టి కెలికాయి. సాయంత్రానికి రెండు పెట్టలు పడిపోయాయి. తర్వాత చూస్తే మట్టిలో రంగు గుళికలు కనిపించాయి. ఇప్పుడైతే పైమట్టి రెండంగుళాలు తీసేసి, దూరంగా పాతిపెట్టి, మొక్కను రెండు నెలలు వేరేచోట ఉంచి, కొత్త చిగుళ్ళు బాగా వచ్చాకే గూటి దగ్గరికి తెస్తున్నాను. వీలైనంతవరకు పక్కింటివాళ్ళ దగ్గర కొమ్మలు, విత్తనాలు అడిగి తెచ్చుకోండి.

నాటిన మొక్కను కోళ్ళు గంటలో తవ్విపారేస్తున్నాయి. ఎలా ఆపాలి?

తడిచిన మెత్తని మట్టి కోడికి పిలుపు లాంటిది. పాదు మీద పిడికిలంత రాళ్ళు దగ్గరదగ్గరగా పేర్చండి, లేదా వలను గుండ్రంగా చుట్టి రెండడుగుల ఎత్తున నిలబెట్టండి. ముళ్ళకంప వేసినా చాలు. మూడు నెలలు కాపాడితే వేరు పట్టుకుంటుంది. అలాగే వాటికి పొర్లడానికి ఒక చోటు ఇవ్వండి. నీడలో గుంట తీసి పొడిమట్టి, ఇసుక, కొంచెం కట్టెబూడిద కలిపి పోస్తే అక్కడే పొర్లుతాయి, పేలూ తగ్గుతాయి. ఆ గుంట పెట్టాక మా బంతినారు బతికింది.

ఏ నెలలో నాటాలి?

జూలై, ఆగస్టు. తిరుపతి వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆలోపు వేరు పట్టుకుని ఉండాలి. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు పల్లంలో పెట్టిన చిన్న మొక్కలు ఒక్కటీ మిగల్లేదు. గూటినీ, పాదులనీ అడుగు ఎత్తు చేసి పెట్టుకోండి. పలమనేరు, కుప్పం వైపు చల్లగా ఉంటుంది కాబట్టి ఫిబ్రవరిలో నాటినా నీళ్ళు పోస్తే నిలబడతాయి.

కోడి రెట్ట నేరుగా మొక్కలకు వేయొచ్చా?

పచ్చిరెట్ట వేస్తే మొక్క మాడిపోతుంది, దానిలో నత్రజని అంత ఎక్కువ. ఎండుటాకులు, ఊక కలిపి గుంటలో నాలుగైదు నెలలు మగ్గనివ్వండి. పచ్చిగా తినే పుదీనా, కొత్తిమీర మళ్ళలో మగ్గని రెట్ట ఎప్పుడూ వేయకండి.

## పెరిగాక

మొక్కలు గుబురైతే పాములు వస్తాయా? పాముల్ని ఆపే మొక్క ఏదైనా ఉందా?

పామును ఆపే మొక్క లేదు. ఎవరు ఏ పేరు చెప్పి అమ్మినా కొనకండి. పాము వచ్చేది ఎలుకల కోసం, గుడ్ల కోసం, పిల్లల కోసం. ఎలుకలు వచ్చేది ఒలికిన మేత కోసం. రాత్రి మేతగిన్నె తీసేయడం, గుడ్లు సాయంత్రంలోగా ఏరడం, అరంగుళం కన్నుల వల వేయడం పనిచేస్తాయి. పొదల కింది కొమ్మలు నేలనుంచి అడుగు ఎత్తుదాకా కత్తిరిస్తే నేల కనిపిస్తుంది.

మొక్కలకు తెగులు వస్తే?

పేనుబంకకు నీళ్ళు గట్టిగా కొట్టి కడగండి. తగ్గకపోతే వేపనూనె కొంచెం సబ్బునీళ్ళలో కలిపి సాయంత్రం కొట్టండి. యూరియా, డీఏపీ గుళికలను గింజలనుకుని కోళ్ళు ఏరుకు తింటాయి, గూటి దగ్గర వాడకండి.

వేపాకు, తులసి, పసుపు ఉంటే కోళ్ళకు రోగాలు రావంటారు కదా?

కొక్కెర తెగులుకు టీకా తప్ప వేరే అడ్డు లేదు. మొక్కలు నీడ, పచ్చిమేత ఇస్తాయి. అంతకుమించి వాటిమీద భారం వేసి టీకా మానేస్తే గూడు ఖాళీ అవుతుంది.

## ఏదైనా తినేసిందని అనుమానం వస్తే

ఎలా తెలుస్తుంది, ఏం చేయాలి?

ఉన్నట్టుండి వాలిపోవడం, నోట్లోంచి నీళ్ళు కారడం, మెడ వాల్చడం, కాళ్ళు పట్టు తప్పడం, వణుకు, నీళ్ళ విరేచనాలు. ఒకేసారి రెండు మూడు కోళ్ళకు ఇలా అయితే మొక్కో మందో కారణమని ముందు అనుమానించండి. మిగతావాటిని అక్కణ్ణుంచి మార్చి, వాలిన కోడిని నీడలో ఉంచి శుభ్రమైన నీళ్ళు పెట్టండి. తనంతట తను తాగితేనే తాగనివ్వండి, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చింతపండు రసం, నూనె, ఉప్పునీళ్ళు పట్టించకండి. పొడిచిన ఆకు ఒకటి కవర్లో వేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళండి, చూస్తే డాక్టర్‌కు సగం పని తేలిక. పశువుల అంబులెన్సు కోసం 1962కు ఫోన్ చేసి అడగొచ్చు. చాలా మొక్కల విషాలకు విరుగుడు లేదు, తిన్నది తక్కువైతేనే బతుకుతుంది.

చచ్చేలోపు కోసి కూర వండుకోవచ్చా? మిగతా కోళ్ళ గుడ్లు?

వద్దు. రాగిసంగటిలోకి నాటుకోడి అంటే మనకు ఎంత ఇష్టమో, ఇన్నాళ్ళు పెంచిన కోడిని పారేయాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా వద్దు. ఏం తిన్నదో తెలియని కోడి మాంసం ఇంట్లో పిల్లలకు పెట్టకండి. కుక్కలకు వేయకండి. రెండు మూడు అడుగుల లోతు గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. తిన్నది ఏమిటో డాక్టర్ తేల్చేదాకా ఆ గూటి గుడ్లు కూడా తినకండి, పొదగ వేయకండి.